అంజిబాబు తిన్న ఖర్జూరం

ఒకరి చేతిలో పెట్టేసిన మనిషి మళ్ళీ మన మనిషి అవుతాడా... కాడా?

మాణిక్యం మనసులో ఈ సందేహం పెళ్ళినాటి నుంచీ ఉంది. అప్పగింతలప్పుడు పాలల్లో ముంచిన ఆమె చేతుల్ని అత్తగారి చేతుల్లో పెడుతుంటే, పక్కనే నిలబడ్డ చిన్న తమ్ముడు అంజిబాబు బిత్తరపోయి, "అక్కని ఎందుకు ఇచ్చేత్తన్నారు? అదేం తప్పు చేసింది?" అని అడిగాడు. పెద్దలంతా ఘొల్లున నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేకపోయింది. తర్వాత అన్నవరం సత్యదేవుడి పటం ముందు దీపం పెట్టినప్పుడల్లా అదే మాట అడిగేది. "ఇవ్వడమే లోకాచారమైతే, ఇచ్చినవాళ్ళ గుండెల్లో ఈ కోత ఎందుకు పెట్టావు స్వామీ?" తప్పుగా అడుగుతున్నానేమోనని వెంటనే లెంపలు వేసుకునేది. స్వామి ఎప్పటిలాగే చిరునవ్వుతో చూసేవాడు!

ఆ గురువారం సాయంత్రం బియ్యం కడుగుతుంటే ఆ సందేహమే మళ్ళీ గుండెలో కలుక్కుమంది. వాకిట్లో ఎవరితోనో మాట్లాడుతున్న భర్త మంగరాజు గొంతు వినపడింది. "మన అంజిబాబుని ఇత్తేగాని మొదటి వంతు ఇవ్వనంటన్నాడు ఆ పఠాను."

ఆమె చేతిలో గిన్నె ఒరిగి, కుడితినీళ్ళతో పాటు బియ్యం కూడా ఇసుకలోకి జారిపోయింది...

దుబాయ్‌లో, అల్ ఖూజ్ గోదాముల మధ్య, లారీల షెడ్డు వెనక ఒక గది. మంగరాజు ఆ షెడ్డులో మెకానిక్కు. మాణిక్యం దగ్గర్లోనే షహర్బాను అనే ఇరాన్ ఆవిడ ఇంట్లో వంట చేస్తుంది. మొగుడూ పెళ్ళాం ఒక్క కప్పు కింద ఉండే అదృష్టం ఆ రోజుల్లో అక్కడ ఎందరికుందని! దానికి తోడు కూతవేటు దూరంలోని క్యాంపులో తమ్ముడు. ప్రతి శుక్రవారం అంజిబాబు ఆమె చేతి పులుసు తిని, చాప మీద వాలి, కళ్ళు మూసుకుని గోదారి కబుర్లు చెప్పేవాడు. వింటూ వింటూ మాణిక్యం కూడా కళ్ళు మూసుకునేది. అప్పుడు ఎండలో మెరిసే ఇసుకంతా నీరైపోయినట్టు, గదే గోదారి దాటే పంటు మీద తేలిపోతున్నట్టు ఉండేది... ఆమె బతుకులో పండగంటే అదే.

శుక్రవారాల్లో మరో సందడి వాలీబాల్. చలి మొదలవగానే క్యాంపుల జట్ల మధ్య పోటీలు. ఊళ్ళ నుంచి కొత్తగా దిగినవాళ్ళలో ఆట తెలిసినవాళ్ళని జట్లన్నీ వంతులవారీగా ఎంచుకుంటాయి. కిందటేడు అందరికంటే వెనకబడ్డ జట్టుకి మొదటి వంతు. జట్టు నాయకుడు ఒక ఖర్జూరం అందిస్తాడు. ఆటగాడు అది తిన్నాడా, ఆ చలికాలమంతా ఆ జట్టువాడే. వాళ్ళతోనే ఆట, వాళ్ళతోనే శుక్రవారం భోజనం. తిన్నాక ఇక మాట మార్చడం లేదు. అల్ ఖూజ్ జట్టుకి నాయకుడు మంగరాజే; అంజిబాబు ఆడేదీ అందులోనే, ఆ జట్టు భోజనం మాణిక్యం చేతిదే.

ఈసారి మొదటి వంతు అల్ కుసైస్ జట్టుది. వాళ్ళ నాయకుడు నూర్ మొహమ్మద్, పెషావర్ నుంచి వచ్చిన లారీ డ్రైవరు. కొత్తగా వచ్చినవాళ్ళలో నిజామాబాదు వైపు కుర్రాడు లింబాద్రి ఉన్నాడు. బంతిని లేపి అందించడంలో అతనికి సాటి లేడని అప్పుడే క్యాంపులన్నిటా పాకిపోయింది!

భోజనాల వేళ మాణిక్యం కంచం ముందు పెట్టి, "ఏవండీ... నా తమ్ముణ్ణి బేరం పెట్టారా?" అంది.

మంగరాజు ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. "బేరమేంటే? పశువా వాడు? వంతు మార్పిడి. నేను అడిగాను, వాడు అంజిని అడిగాడు."

"మరి మీరేమన్నారు?"

"ఇంకా ఏమీ అన్లేదు. నా బాధ కూడా చూడు మాణిక్యం! మన జట్టులో కొట్టేవాళ్ళకి కొదవలేదు. లేపేవాడేడీ? వడ్డించేవాడు లేని ఇంట్లో వండి ఏం లాభం? ఆ లింబాద్రి వేళ్ళు చూశావా... బంతి ఆ చేతుల్లోంచి లేస్తంటే పావురాన్ని వదిలినట్టుంటది."

"ఆ పావురం కోసం ఇంట్లో పిట్టని ఎగరేత్తారా? వెనకాల నేలమీద పడి మోకాళ్ళు చెక్కుకుని బంతిని బతికించేది ఎవరు? వాడు కాదూ? మీకు కనపడేది పైకి లేచేదేనా?" "ఇక్కడ నాకు పుట్టిల్లంటూ మిగిలింది వాడొక్కడేనండీ! వాడు వేరే పంక్తిలో కూర్చుంటే నా చేతి ముద్ద నా గొంతు దిగుతుందా?"

మంగరాజు కంచంలో నీళ్ళు పోసుకుని లేచిపోయాడు!

మర్నాడు పొద్దున మంచు కురిసింది. ఎడారిలో మంచంటే ఎవరు నమ్ముతారు! లారీలు, స్తంభాలు, మనుషులు అన్నీ పాలల్లో కరిగిపోయినట్టు ఉన్నాయి. మాణిక్యం నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి చూసింది. దూరంగా నూర్ మొహమ్మద్, మంగరాజు ఎదురెదురుగా ఏదో మాట్లాడుకున్నారు. మాటలు వినపడలేదు. కాసేపటికి రాత్రి డ్యూటీవాళ్ళ కంపెనీ బస్సు వచ్చి ఆగింది. అంజిబాబు దిగాడు. ఎవరి వంకా చూడలేదు, తిన్నగా నూర్ మొహమ్మద్ దగ్గరికి నడిచి చెయ్యి చాచాడు. పఠాను తెల్లబోయి ఖర్జూరం ఇచ్చాడు. అంజిబాబు నోట్లో వేసుకున్నాడు...

మంగరాజు చెయ్యి సగం పైకి లేచి, అక్కడే ఆగి, మెల్లగా కిందికి దిగిపోయింది. అంతే!

అంజిబాబు అక్క దగ్గరికి వచ్చి నవ్వబోయాడు. "ఏడుత్తావేంటక్కా? నేనేమన్నా సముద్రం దాటుతున్నానా? ఇప్పటికే దాటేశాంగా! బావకి ఆ కుర్రోడు కావాలని క్యాంపంతా చెప్పుకుంటన్నారు. నీ మొకం చూసి ఆయన నోటితో అనలేడు. అనిపించడం ఎందుకని నేనే తినేశాను."

"నీకు నా మీద జాలి కూడా లేదంట్రా?"

"ఈ చలికాలమేగా అక్కా... వేసవికల్లా నీ పులుసుగిన్నె కాళీ చెయ్యనూ!"

వాడు మంచులోకి నడిచి వెళ్ళిపోయాడు. ఆ తెల్లదనంలో వాడి చొక్కా కాసేపు కనపడి, ఆపైన అదీ లేదు... ఇచ్చెయ్యడమంటే ఇలాగే ఉంటుందా? ఆనాడు పల్లకీ కదిలినప్పుడు అమ్మకి తను కూడా ఇలాగే కనుమరుగైందా?

ఆ రోజు నుంచి మాణిక్యం భర్తతో మాట్లాడడం మానేసింది. అన్నం పెట్టేది, బట్టలు ఉతికేది, దీపం వెలిగించేది. మాట మాత్రం లేదు. షహర్బాను ఇంట్లో చేపలు కడుగుతూ కడుగుతూ ఎటో వెళ్ళిపోయేది. ఆ నీళ్ళలో తమ్ముడి పడవ తేలుతున్నట్టుండేది. పిలిస్తే వెనక్కి తిరిగేవాడు కాదు. "మాణిక్! బీబీ, కహాఁ ఖో గయీ?" అని, ఎక్కడ తప్పిపోయావంటూ యజమానురాలు భుజం తడితే ఉలిక్కిపడి చూసేది. కుళాయి పొర్లుతూ ఉండేది!

శుక్రవారాలు వచ్చాయి, పోయాయి. పఠాను వదిలిన మొదటి వంతుతో మంగరాజు ఎంచుకున్న లింబాద్రి, అంజిబాబు కూర్చునే చోట కూర్చున్నాడు. మాణిక్యం తల ఎత్తకుండా వడ్డించేది. ఒకనాడు మిగతావాళ్ళంతా చేతులు కడుక్కోవడానికి వెళ్ళినా అతను లేవలేదు.

"అక్కా, నేనొచ్చిన కాంచి మీరు నా మొకం సూస్తలేరు. గీ బువ్వ నాకు గొంతు దిగుతలేదు. నేనేం తప్పు జేసిన?"

"నీ తప్పేం లేదు తమ్ముడూ... తప్పంతా ఇచ్చినాయనదే."

"ఎవలిచ్చిన్రు?" లింబాద్రి కళ్ళు పెద్దవి చేశాడు. "మంగరాజన్ననా? అయ్యో, గా పొద్దు నేను ఆళ్ళ పక్కపొంటే ఉన్నగద! ఆ పఠాన్‌తోని అన్న సాఫ్ సీదా జెప్పిండు. 'మేరే సాలే కో నహీఁ దూంగా, బాత్ ఖలాస్' అన్నడు, బామ్మర్దిని ఇయ్యనంటే ఇయ్యనని. నీ తమ్ముడు గప్పటికి బస్సు దిగనేలే. దిగుడుతోనే వొచ్చి ఖర్జూర తిన్నడు. మేమంత బీరిపోయినం!"

మాణిక్యం చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది...

ఆ సాయంత్రం, పొద్దు గూకే వేళ, షెడ్డు గోడ కింద ఒంటరిగా కూర్చున్న భర్త పక్కన ఆమె వచ్చి కూర్చుంది. ఎన్నాళ్ళకో నోరు తెరిచింది.

"నాకెందుకు చెప్పలేదండీ?"

మంగరాజు గుప్పెడు ఇసుక తీసుకుని వేళ్ళ సందుల్లోంచి జారవిడిచాడు. "ఏం చెప్పనే? నీకు చెబితే రేప్పొద్దున వాడికి చేరుతుంది. వాడు నాకోసం తిన్నాడు మాణిక్యం! 'ఒరేయ్, నేను ముందే వద్దనేశాను, నువ్వు ఊరకే పోయావు' అంటే... వాడి త్యాగం ఏమైపోవాలి? బూడిదలో పోసినట్టు కాదూ? అందుకే నువ్వు తిడితే తిట్టావులే, మాటాడకపోతే మానేశావులే అనుకున్నాను."

"అయ్యో... ఇన్నాళ్ళూ మిమ్మల్ని రాయనుకున్నాను!" ఆమె అతని భుజం మీద వాలి వెక్కి వెక్కి ఏడ్చింది. ఎవరికోసం ఎవరు నష్టపోయారు? ఎవరు ఎవర్ని ఇచ్చారు? లెక్క తేలలేదు. తేలకపోవడమే బాగుందనిపించింది.

"వాడికి చెప్పకే."

"చెప్పను. దేవుడి మీదొట్టు!"

లింబాద్రి వచ్చాక అల్ ఖూజ్ జట్టు మొట్టమొదటిసారి ఆఖరి ఆటకు చేరింది. అటువైపు ఎవరు? అల్ కుసైస్! వాళ్ళు అంతదాకా రావడానికి అంజిబాబు మోకాళ్ళే కారణమని అందరూ అన్నారు. మార్పిడి మంచిదా, చెడ్డదా అని క్యాంపుల్లో వాదనలే వాదనలు.

పొద్దు వాలుతోంది. గాలిలో లేచిన సన్నని దుమ్ము బంగారు పొడిలా ఆగిపోయింది. మైదానం మధ్య వల. ఊళ్ళో వలలు అల్లిన చేత్తో అంజిబాబు తను వచ్చిన కొత్తల్లో నైలాను తాడుతో అల్లిన వల అది. ఇవాళ దానికి అటువైపు వాడే, ఇటువైపు ఆమె భర్త! మాణిక్యం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరు గెలవాలని మొక్కుకోవాలో తెలియక, "స్వామీ, ఎవరికీ దెబ్బ తగలకుండా చూడు" అని మాత్రం అనుకుంది.

ఆట చివరి బంతికి వచ్చింది. లింబాద్రి వేళ్ళ మీదినుంచి బంతి లేచింది... ఎంత మెల్లగా లేచిందని! ఇక కిందికి రాదేమో అన్నట్టు ఆకాశంలో నిలిచింది. మంగరాజు ఎగిరాడు, బలమంతా పెట్టి కొట్టాడు. అటు మూలన ఎవరూ లేరు! అంతలో ఇసుక మీద పక్షిలా ఎవడో పరుచుకున్నాడు. బంతి వాడి చేతి మీద లేచి, వల దాటి, ఇటువైపు నేల మీద మెత్తగా పడింది.

"అంజీ!" అని అరిచింది మాణిక్యం. ఓడింది తన భర్త జట్టని గుర్తొచ్చేసరికి ఆ కేక నోరు దాటిపోయింది!

నూర్ మొహమ్మద్ మనుషులు అంజిబాబును పైకెత్తబోయారు. మంగరాజు వల కింద నుంచి వంగి దూరి వెళ్ళి, వాళ్ళని తప్పించి, తన చేతులతో వాణ్ణి లేపాడు. మోకాళ్ళ నుంచి నెత్తురు కారుతోంది.

"సచ్చినోడా, బావ కొట్టిన బంతి కూడా వదలవా?"

"నువ్వు అటే కొడతావని నాకు తెలుసు బావా. ఎన్నేళ్ళు చూశాను!" అంజిబాబు కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా నవ్వాడు. "గెలిచాంగాని ఈ వల చూత్తే సిగ్గేత్తంది. మా జట్టోళ్ళకి చెప్పకు, దీనికింకా పంచె పడలేదు."

మంగరాజు మొహం మారిపోయింది. వాళ్ళ ఏటిగట్టు ఊళ్ళలో కొత్త వల అల్లినవాడికి పంచె పెట్టకుండా వల నీళ్ళలోకి దించరు. అంజిబాబు ఈ వల అల్లినప్పుడు మంగరాజు, "ఎడారిలో ఏం చేపలు పడతాయిరా, పంచె పెట్టడానికి!" అని ఎగతాళి చేసి ఊరుకున్నాడు. అందరూ నవ్వారు. ఆ మాట అక్కడితో మరుగున పడిపోయింది.

"మాణిక్యం!" అని కేకేశాడు. "పెట్టెలో నా కొత్త పంచె ఉంది. మడత విప్పనిది. పట్రావే!"

ఆమె పరిగెత్తింది. పంచె తీసి, సత్యదేవుడి పటం ముందున్న పసుపుని నీళ్ళతో తడిపి, నాలుగు కొసలకీ అద్దింది. తిరిగి వచ్చేసరికి మనుషులంతా పక్కకి తప్పుకుని దారి ఇచ్చారు. లింబాద్రి నీళ్ళు పోస్తుంటే అంజిబాబు మోకాళ్ళ మీది ఇసుక కడుక్కుంటున్నాడు.

మంగరాజు పంచెని రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఆలస్యమైపోయిందిరా. తీసుకో."

అంజిబాబు తడి చేతులు చొక్కాకి తుడుచుకుని, వంగి, అందుకుని కళ్ళకద్దుకున్నాడు. పసుపు మరక వాడి నుదుటికి అంటింది.