గొట్టం లోపలి ఫోటో

ఆన్‌లైన్ వేలంలో ఐలా తీసిన ఫోటోలకి మంచి పేరుంది. పాత తుపాకీని వంటింటి బల్ల మీద దుప్పటి పరిచి పడుకోబెట్టి, కిటికీ వెలుతురులో తీసేది. గీత ఉంటే గీత, తుప్పు ఉంటే తుప్పు. దాచడం ఆమెకి చేతకాదు. "నీ ఫోటో చూశాడంటే కొనేవాడు కళ్ళు మూసుకుని పాట పాడేస్తాడక్కా" అనేవాడు తమ్ముడు ఆర్విడ్.

మొగుడు రెయినో బతికున్నన్నాళ్ళూ ముగ్గురూ కలిసే ఈ వ్యాపారం చేశారు. రెయినో కొనేవాడు, ఐలా ఫోటోలు తీసేది, ఊళ్ళో లైసెన్సున్న తుపాకుల దుకాణం నడిపే ఆర్విడ్ పార్సెళ్ళు పంపేవాడు. కిందటి ఏడు జింకల వేట ఇంకా మొదలు కాకముందే, ఆ వంటింటి బల్ల దగ్గరే తుపాకీ శుభ్రం చేసుకుంటూ రెయినో పోయాడు. ప్రమాదమని షెరీఫ్ రాసుకుపోయాడు. తాగి ఉంటాడని ఊరంతా గుసగుసలాడింది. లోకుల నోటికి తాళం ఎవరు వేస్తారు?

ఐలా మాత్రం నమ్మలేదు. "గొట్టంలోకి చూసేముందు, తూటాని లోపలికి తోసి పేల్చే ఈ బోల్ట్ ఊడదీసి జేబులో వేసుకో. అది నీ జేబులో ఉందంటే తుపాకీ ఉత్త ఇనపగొట్టమే" అని ఆమెకి నూరిపోసిందే రెయినో. అలాంటి మనిషి పడిపోయి కనిపించేసరికి బోల్ట్ తుపాకీలోనే ఉంది. అతని ఎడమచెయ్యి మాత్రం చొక్కా జేబులో, ఏదో వెతుక్కుంటున్నట్టు, అలాగే బిగుసుకుపోయింది.

మిగతా తుపాకులన్నీ అమ్ముడుపోయాయి. రెయినో ప్రాణం తీసిన ఆ ఒక్కటే మిగిలింది. "అది ఇంట్లో ఉన్నంతకాలం నా పిల్ల నీ గడప తొక్కదమ్మా" అని కూతురు మార్లిస్ తెగేసి చెప్పింది. మనవరాలు టిల్లీని చూడకుండానే చలికాలం చాలామటుకు గడిచిపోయింది. పిల్ల కోసం అల్లిన ఎర్ర చేతితొడుగులు ఈపాటికి బిగుతైపోయి ఉంటాయని ఐలాకి ఒకటే బెంగ.

ఆ మధ్యాహ్నం సన్నగా మంచు పడుతోంది. ఐలా ఆ తుపాకీకి పెట్టిన వేలం చీకటి పడేలోపు ముగిసిపోతుంది. ఇంతవరకూ ఎవరూ పాడలేదు. ఒకే ఒక్కడు కబురు పెట్టాడు. "గొట్టం లోపలి ఫోటో లేదేం? అది చూస్తేగానీ పాడను."

న్యాయమైన మాటే. లోపల మెలితిరిగిన గీతలు అరిగిపోయాయంటే తుపాకీ గురి పోయినట్టే. అందుకే ఆ ఫోటో చూడకుండా తెలిసినవాడెవడూ పాడడు. రెయినో మాత్రం పాడాడు. ఈ తుపాకీని అతనూ వేలంలోనే కొన్నాడు. "లోపలి ఫోటో ఇవ్వను. అడగవద్దు" అని రాశాడు అప్పుడు అమ్మినవాడు. "పిచ్చి సన్నాసి! ఫోటో పెట్టక బేరాలన్నీ పోగొట్టుకున్నాడు. నాకు కారుచవగ్గా పడింది" అని రెయినో పడీపడీ నవ్వాడు.

ఆ గొట్టం మూతికి కన్ను ఆనించాలంటే ఐలాకి ఒళ్ళు జలదరించింది. ఆర్విడ్‌కి ఫోన్ చేసింది.

"ఒరేయ్, నువ్వొచ్చి ఆ ఒక్క ఫోటో తీసిపోరాదూ?"

"దారంతా మంచేనక్కా. మంచు తోసే బండి ఇంకా రాలేదు. అయినా నేను తీస్తే నా బొటనవేలే పడుతుంది."

"నీ వేళాకోళం తగలెయ్య! నాకు భయంగా ఉందిరా."

ఆర్విడ్ వేళాకోళం మాని మెల్లగా అన్నాడు. "బోల్ట్ తీసి జేబులో వేసుకో. తూటాలన్నీ నేనప్పుడే పట్టుకొచ్చేశాను. ఇంట్లో ఒక్కటి కూడా లేదు. ఇంక అది నిన్నేం చేస్తుంది చెప్పు?"

నిజమే. ఏం చేస్తుంది?

తుపాకీ మడమను కిటికీ వైపు, మూతిని తన వైపు పెట్టింది. బోల్ట్ వెనక్కి లాగి ఊడదీసి ఏప్రన్ జేబులో వేసుకుంది. తొడకి బరువుగా, చల్లగా తగిలింది. వంటిల్లంతా కాచిన కాఫీ వాసన, తుపాకీ నూనె వాసన. కప్పు మీంచి మంచుపెళ్ళ ఒకటి జారి కింద పడింది. ఉలిక్కిపడి, తనని తానే తిట్టుకుంది.

వంగి కన్ను పెట్టింది. అటు చివర గుండ్రటి వెలుతురు. గీతలు వెండిలా మెరుస్తున్నాయి. ఎంతో బాగుంది. ఫోన్ పెట్టి నొక్కింది.

ఫోటో నల్లగా వచ్చింది.

ఏప్రన్ అంచుతో ఫోన్ తుడిచి మళ్ళీ తీసింది. మళ్ళీ నలుపే. అప్పుడే కాలిన తుపాకీమందు వాసన సన్నగా ముక్కుకి తగిలింది. రెయినో పోయిన రోజు ఈ వంటింట్లో వచ్చిన వాసన.

మళ్ళీ కన్ను పెట్టింది. ఈసారి వెలుతురు లేదు. కిటికీకి అడ్డంగా ఎవరో నిలబడినట్టు...

తల ఎత్తింది. ఎవరూ లేరు. కిటికీ, దాని వెనక మంచు, అంతే.

వంగింది. చీకటి. ఆ చీకటి మధ్యలో చిన్న తడి మెరుపు.

అది రెప్ప వేసింది.

"రెయినో?" అంది.

రెయినోవి నీలికళ్ళు. ఇది గోధుమరంగు కన్ను. ఆమెనే చూస్తోంది. ఓపిగ్గా... ఎన్నాళ్ళనుంచో చూస్తున్నట్టు...

చక్.

పాతికేళ్ళ కాపురంలో ఆ చప్పుడు తెలియనిదా? బోల్ట్ ముందుకి జరిగిన చప్పుడు.

చెయ్యి జేబులోకి పోయింది. వెతికింది. జేబు ఖాళీ.

జేబులో ఉన్న తన చేతిని చూసుకుంది. ఎడమచెయ్యి.

చక్. బోల్ట్ పిడి కిందికి వాలింది.

ఒక్క తోపుతో తుపాకీ మూతిని గోడవైపు తోసేసి, ఐలా నేలమీద కూలబడింది. పేలలేదు. చాలాసేపటికి లేచి చూస్తే బోల్ట్ దాని చోట్లో అది బుద్ధిగా ఉంది. దాన్ని వెనక్కి లాగింది. ఇత్తడి తూటా ఒకటి ఎగిరి కిందపడి పొయ్యి దాకా దొర్లింది. తీస్తే వెచ్చగా ఉంది, ఎవరో ఇప్పటిదాకా గుప్పిట్లో పెట్టుకున్నట్టు.

రెయినో నవ్విన ఆ పిచ్చి సన్నాసి ఎందుకలా రాశాడో ఐలాకి అప్పుడు అర్థమైంది. సరస్సులో పారేద్దామంటే అది గడ్డకట్టి ఉంది. షెరీఫ్‌కి చెబితే పక్కకి తిరిగి నవ్వుతాడు. బల్ల చివర ఎర్ర చేతితొడుగులు కనబడ్డాయి. ఫోన్ తీసుకుంది. ఎన్నడూ ఏదీ దాచని మనిషి ఒక్కొక్క అక్షరమే నొక్కింది.

"లోపలి ఫోటో ఇవ్వను. అడగవద్దు."

కాసేపటికి అతని జవాబు వచ్చింది. "సరే, ధర బాగుంది కాబట్టి పాడుతున్నాను. ఇంటికొచ్చాక నేనే కన్ను పెట్టి చూసుకుంటాలే."

"వద్దు, చూడకండి" అని రాసింది. చదువుకుంది. చెరిపేసింది. సిగ్గుతో మొహం మండిపోయింది, అయినా మళ్ళీ రాయలేదు. చీకటి పడేసరికి పాట అతని పేరునే ఖాయమైంది.

తెల్లవారి ఆర్విడ్ వచ్చి తుపాకీ పట్టుకుపోయాడు. ఆదివారం మార్లిస్ కారు గుమ్మం ముందు ఆగింది. నాలుగేళ్ళ టిల్లీ పరిగెత్తుకొచ్చి అమ్మమ్మ కాళ్ళు చుట్టేసుకుంది. తొడుగులు బిగుతుగానే ఉన్నా విప్పనంది. ఐలా కడుపునిండా ఏడ్చి, కడుపునిండా నవ్వింది.

"చూశావామ్మా, ఇల్లు ఎంత తేలిగ్గా ఉందో!" అంది మార్లిస్, కాఫీ పోసుకుంటూ.

చేతులు తుడుచుకునే కాగితం చుట్ట అయిపోయి, అట్ట గొట్టం ఒకటి బల్ల మీద ఉంది. టిల్లీ దాన్ని కంటికి పెట్టుకుని వంటిల్లంతా చూస్తూ తిరిగింది. కిటికీని చూసింది, అమ్మని చూసింది. చివరికి ఐలా ఎదురుగా వచ్చి నిలబడి, ఒక కన్ను మూసి, గొట్టం ఇటు తిప్పింది.

"అమ్మమ్మా, ఆయన్ని కాస్త పక్కకి జరగమనవా? నువ్వు కనబడట్లేదు."