చీకటి గదిలో బొబ్బర్ల మొక్క

మధ్యాహ్నం భోజనాల గంట కొట్టారు. పిల్లలంతా కంచాలు పట్టుకుని వరండాలోకి పరుగెత్తారు. నీలవేణి మాత్రం స్కేలు, నోటుబుక్కు పట్టుకుని స్టోరు గది ముందు నిలబడింది.

ఆ గదిలో ఒక మూల అట్టపెట్టె బోర్లించి ఉంది. దాని కింద ప్లాస్టిక్ గ్లాసులో బొబ్బర్ల మొక్క. ఆరో తరగతికి సైన్సు చెప్పే కృపానిధి మాస్టారు రెండు గ్లాసుల్లో ఒకేరోజు గింజలు నాటించారు. మొలకెత్తాక ఒకటి క్లాసు కిటికీలో ఎండకు పెట్టించారు. రెండోది ఈ చీకట్లో. ఎండలో మొక్కను గౌరి చూసుకోవాలి. చీకట్లో మొక్కకు నీలవేణి రోజూ రెండు చెంచాల నీళ్ళు పోసి, పొడవు కొలిచి రాయాలి. వారం తర్వాత రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దామన్నారు.

తిత్లీ తుఫానుకు ఆ గది కిటికీ ఊడిపోతే రేకు కొట్టి మూసేశారు. పట్టపగలు కూడా లోపల ఏమీ కనబడదు. మొదటి రెండు రోజులూ నీలవేణి ఊపిరి బిగబట్టి వెళ్ళి, గబగబా కొలిచి వచ్చేసింది.

మూడో రోజు తలుపు తోసేసరికి లోపల పడిన వెలుగులో ఏదో మెరిసింది. పాత బల్లల కింద నుంచి అట్టపెట్టె దాకా, పల్చగా, తెల్లగా, పొలుసులు పొలుసులుగా ఉంది. పాము కుబుసం.

బియ్యం మూటల వెనక సర్రుమని చప్పుడయింది. నీలవేణి తలుపు లాగి గొళ్ళెం పెట్టి, ఒక్క పరుగున క్లాసులోకి వచ్చి పడింది.

మాస్టారికి చెబుదామనుకుంది. కానీ కిందటేడు బల్లిని చూసి ఏడ్చినందుకు హరిబాబు ఆమెకు బల్లి అని పేరు పెట్టాడు. మూడు నెలలు క్లాసంతా అలాగే పిలిచారు. ఇప్పుడు పాము అని పేరు పెడతారేమో. నీలవేణి నోటుబుక్కు తీసింది. నిన్న నాలుగు సెంటీమీటర్లు. ఎండ లేకుండా మొక్క ఎలా పెరుగుతుందిలే అనుకుని, ఈ రోజూ నాలుగే అని రాసేసింది.

మర్నాడు కూడా నాలుగు. ఆ పై రోజు నాలుగుంపావు. మాస్టారు నోటుబుక్కు చూసి, శ్రద్ధగా రాస్తున్నావమ్మా అన్నారు. నీలవేణి గబుక్కున నోటుబుక్కు మూసేసింది.

సాయంత్రం ఇంటి దగ్గర ఎండు చేపలు బుట్టకెత్తుతున్న నాయనమ్మ గున్నమ్మ, మనవరాలి మొహం చూసింది.

"ఏటే, కూడు ముందరెట్టుకుని అలా కూకున్నావు? ఏటయినాది?"

ఏమీ లేదంది నీలవేణి. మళ్ళీ తనే, కుబుసం విడిచిన పాము అక్కడే ఉంటుందా అని అడిగింది. ఎలకలుంటే ఎక్కడికీ పోదని చెప్పింది గున్నమ్మ. ఎందుకు అడుగుతున్నావంటే, పాఠంలో ఉందని ఇంకో అబద్ధం చెప్పింది.

ఏడో రోజు వచ్చేసింది. బోర్డు మీద చార్టు అంటించారు. నీలవేణి అంకెలు రాయాలి. ఎండలో మొక్కను బల్ల మీద పెట్టి, చీకటి మొక్కను కూడా నువ్వే తెచ్చెయ్యమని మాస్టారు గౌరికి చెప్పారు. గౌరి గుమ్మం దాటింది. చెప్పులు బయటే ఉన్నా వేసుకోలేదు.

నీలవేణి స్కెచ్ పెన్ను మూత తీసి ఆగిపోయింది. గౌరి ఆ చీకట్లో వంగి, అట్టపెట్టె కింద చెయ్యి పెడుతుంది. ఇప్పుడు చెబితే అబద్ధం బయటపడుతుంది. చెప్పకపోతే...

పెన్ను వదిలేసి పరుగెత్తింది. గౌరి గొళ్ళెం తీస్తూ ఉంటే చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"ఎల్లొద్దే. లోపల పాము ఉన్నాది."

వెనకాలే మాస్టారు వచ్చారు. నీలవేణి తల ఎత్తలేదు.

"కుబుసం సూసినాను మాస్టారూ. అప్పట్నించి నాను లోపలికి ఎల్లనేదు. అంకెలన్నీ ఊరికే రాసీసినాను."

మాస్టారు గౌరి కాళ్ళ వంక చూశారు. పిల్లలందర్నీ దూరంగా నిలబెట్టి, వంట చేసే లక్ష్మణమ్మ చేత పొడుగాటి వెదురు కర్ర తెప్పించారు. సెల్ ఫోన్ లైటు వేసి, గుమ్మంలోంచే కర్రతో నేల మీద కొట్టారు. రెండు దెబ్బలకు ఏమీ లేదు. మూడో దెబ్బకు మూటల వెనక నుంచి మణికట్టంత లావు పాము పాకి, తూములోంచి వెనక చేలోకి జారిపోయింది.

లక్ష్మణమ్మ అక్కడే చతికిలబడింది. "రోజూ పొద్దున్నే ఆ మూటల సందులోనే తడుముకుంతన్నాను, తల్లీ" అంది మెల్లగా.

ఈ అయిదు రోజుల్లో లక్ష్మణమ్మ సంగతి నీలవేణికి ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

మాస్టారు అట్టపెట్టెను వెలుగులోకి తెచ్చి ఎత్తారు. మొక్క పెట్టె పైకప్పును తాకి, వంగిపోయి ఉంది. కాడ తెల్లగా దారంలా ఉంది. ఆకులు చిన్నగా, పసుపుపచ్చగా ఉన్నాయి. స్కేలు పెడితే ఇరవై నాలుగు సెంటీమీటర్లు. గౌరి మొక్క పదకొండే.

వెలుగు దొరక్కపోతే మొక్క గింజలో దాచుకున్న తిండినంతా ఖర్చుపెట్టి పొడుగు సాగుతుందని, ఎక్కడైనా కాస్త వెలుగు తగులుతుందేమోనని వెతుక్కుంటుందని మాస్టారు చెప్పారు. ఆ తిండి అయిపోతే చచ్చిపోతుంది. ఆకు పచ్చబడాలన్నా, ఆ పచ్చదనంతో తన తిండి తను తయారు చేసుకోవాలన్నా వెలుగు ఉండాలి.

తర్వాత నీలవేణి వైపు తిరిగారు. "నువ్వు రాసింది నేను నమ్మాను" అన్నారు. అంతే.

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది నీలవేణికి. తను ఊహించి రాసిన అంకెలన్నీ కొట్టేసి, ఒక్కొక్క దాని పక్కన 'కొలవలేదు' అని రాసింది.

తర్వాతి వారం గది ఊడ్చి, బియ్యం మూటలు వేరే గదికి మార్చారు. తూముకు జాలీ వేశారు. కొత్త మొక్క పెట్టాక, చీకట్లో కొలిచేదెవరని మాస్టారు అడిగితే ఎవరూ చెయ్యి ఎత్తలేదు. చివరికి నీలవేణి ఎత్తింది.

మధ్యాహ్నం గొళ్ళెం మీద చెయ్యి వేసింది. చెయ్యి తీసేసి, వరండాలో అన్నం తింటున్న పిల్లల దగ్గరికి నడిచింది. అందరూ వింటుండగానే అడిగింది.

"గౌరీ, నాకు బయమేస్తన్నాది. కొలిసినంతసేపూ తలుపు పట్టుకుంతావా?"

హరిబాబు తలెత్తి చూశాడు. గౌరి చేతిలో ముద్ద నోట్లో పెట్టుకుని లేచింది. ఎడమచేత్తో తలుపు బార్లా తీసి పట్టుకుంది. నీలవేణి స్కేలు తీసుకుని లోపలికి వెళ్ళింది.