నీ దగ్గరే ఉంచు

కొట్టు షట్టరు సగం ఎత్తేసరికి నడుం పట్టేసింది. రంగులమ్మ అలాగే ఆగిపోయింది. మిగతా సగం వెనకనుంచి కూతురొచ్చి ఎత్తింది. ఇరవై రెండేళ్ళు రంగు డబ్బాలు మోసిన నడుం అది, పొద్దున్నే ఒకసారి నేనున్నానని గుర్తుచేయందే ఊరుకోదు.

కొట్లో గోడకి ఒక అట్ట వేలాడుతుంటుంది. 'మూత తీసిన డబ్బా వెనక్కి తీసుకోము.' రాసింది రంగులమ్మే. ఏ గోడకి, ఎన్ని పూతలు, ఎండ తగులుతుందా, చెమ్మ ఉందా, అన్నీ తేల్చుకున్నాకే ఆమె డబ్బా కదుపుతుంది. నోరు జారిన మాట బేరంలో ఎంత చేటో ఆమెకి తెలిసినంతగా ఆ వీధిలో ఎవరికీ తెలియదు.

కూతురి పెళ్ళి ఇంకా పదకొండు రోజులు. ఆ పిల్ల టీ గ్లాసు పక్కకి జరిపి, పాత ఫోటో ఒకటి బల్లమీద పెట్టింది. లేతాకుపచ్చ పట్టు పెళ్ళిబట్టల్లో రంగులమ్మ, పక్కన నవ్వాపుకుంటూ ఆయన.

"కొత్తవేం కొనకు. నేను ఇవే వేసుకుంటాను. ఎక్కడ పెట్టావమ్మా?"

పాతబట్టలెందుకన్నది రంగులమ్మ. చెమ్మకి పాడైపోయాయన్నది. కూతురు కదల్లేదు.

"మొన్న పురుగు కొట్టేసిందన్నావు, ఇవాళ చెమ్మంటున్నావు. ముందు ఆ రెండిట్లో ఏదో తేల్చుకో."

రంగులమ్మ కలిపే కర్ర తీసుకుని, కలిపే పనిలేని డబ్బా కలపసాగింది.

"నాన్న పోయేసరికి నాకు నాలుగేళ్ళు," అంది కూతురు, గొంతు పెంచకుండానే. "చొక్కాలు పనివాళ్ళకిచ్చేశావు. గడియారం మావయ్యకిచ్చావు. ఆయన చెయ్యి తగిలిన వస్తువు నాకంటూ ఒక్కటుంచలేదు. ఇల్లు ఖాళీ చేసినట్టు చేశావు ఆయన్ని."

ఆ మాట సూటిగానే తగిలింది. ఆ బట్టల చేతి అంచున ఆయన బొటనవేలి ముద్ర ఉంది, నీలం రంగుది. పెళ్ళిరోజు పొద్దున కూడా గిరాకీ వదులుకోలేక రంగు కలిపి, చెయ్యి సరిగ్గా తుడుచుకోకుండా వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు మహానుభావుడు. ఆయన పోయాక ఆ ముద్ర కేసి చూడటం ఆమె వల్ల కాలేదు.

"ఇచ్చేశానే. నిచ్చెనకి."

నిచ్చెన అంటే చిన్ననాటి స్నేహితురాలు, ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే మనిషి. పొడుగుకి వచ్చిన పేరు. తన పెళ్ళికి కట్టుబట్టలు తప్ప ఏమీ లేక, ఈ పట్టుబట్టలే అరువు తీసుకుంది. పొట్టివై చీలమండలు కనిపిస్తుంటే, పెళ్ళి జరిగినంతసేపూ మోకాళ్ళు వంచుకునే నిలబడింది. ఉతికి, ఇస్త్రీ చేసి తిరిగి తెచ్చేసరికి రంగులమ్మ మొగుడు పోయి మూడోవారం. కొట్టునిండా జనం. మూట చూసి రంగులమ్మ మొహం తిప్పుకుని, "నీ దగ్గరే ఉంచు," అంది.

"ఉంచమన్నావంటే ఇచ్చేసినట్టా, దాచమన్నట్టా?" అడిగింది కూతురు.

రంగులమ్మ కలిపే కర్ర పక్కన పెట్టింది. పోయినేడాది నిచ్చెన కూతురి పెళ్ళికి వెళ్తే ఆ పిల్ల ముతక నూలుబట్టల్లో నిలబడి ఉంది. నా పట్టు అమ్ముకు తినేసినట్టుందే అనుకుని, భోంచేసి, సరిగ్గా పలకరించకుండానే వచ్చేసింది. ఇచ్చింది ఇచ్చాక అడిగే హక్కు లేదని తెలుసు. మనసుకి మాత్రం ఆ లెక్క ఎక్కలేదు. ఆ తర్వాత ఆ గుమ్మం తొక్కలేదు.

మధ్యాహ్నం కొట్టు కూతురికప్పజెప్పి బయల్దేరింది. నిచ్చెన అప్పుడే పని దిగి వచ్చి, వాచిన కాళ్ళు పీటమీద చాపుకుని కూర్చుంది. లేవబోతే రంగులమ్మ వద్దంది. పెళ్ళి కబురు చెప్పింది. దారంతా కూర్చుకొచ్చిన మాటలు నోట్లోనే చిక్కుబడ్డాయి.

"బట్టల కోసం వచ్చావు కదూ," అంది నిచ్చెన. "మంచం కింద పెట్టె లాగు. నా నడుం వంగదు."

"నాదీ వంగదే."

చివరికి ఇద్దరూ చెరో వైపు కాలితో తోసి, పెట్టె బయటికి తెచ్చారు. పాత దుప్పటి విప్పితే లేతాకుపచ్చ పట్టు, నిన్న ఉతికినట్టుంది.

"ఆర్నెల్లకోసారి మడత మార్చాను. ఒకే మడతమీద ఉంటే పట్టు అక్కడే చీలుతుంది. మూడిళ్ళు మారాం. ఒకసారి మోకాలి లోతు నీళ్ళొస్తే ముందు దీన్నే అటకెక్కించాను. మా ఆయనన్నాడు, నన్నెవరు ఎక్కిస్తారే అని." నిచ్చెన చేతి అంచు తిప్పి చూపించింది. "ఈ మరక చిటికెలో తీసెయ్యగలను. తీయలేదు. నీ మనసు కుదుటపడ్డాక వచ్చి అడుగుతావని చూశాను. ఇరవై రెండేళ్ళు పట్టింది నీకు."

ఆ నీలపు ముద్రమీద రంగులమ్మ తన బొటనవేలు ఆనించింది.

"మరి మీ అమ్మాయి పెళ్ళికి..."

"అడిగింది. ఏడ్చింది కూడా. ఇవి మనవి కావమ్మా, దాచమన్నవి అన్నాను."

రంగులమ్మ పెట్టె అంచుమీద కూలబడింది. కొట్లో డబ్బా మూతకి కూడా మాట రాసి పెట్టిన మనిషి, స్నేహితురాలికి ఒక్క మాట తేల్చి చెప్పలేదు. ఆ తేల్చని మాట ఒక ఆడపిల్ల పెళ్ళినాటి ముచ్చట తినేసింది.

"ఆ రోజు నేను దాచమనలేదే. తీసుకోమన్నాను. నీ కూతురిని ఆ నూలుబట్టల్లో చూసి, నువ్వు అమ్ముకున్నావనుకున్నాను."

నిచ్చెన కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఏదో అనుకున్నావని తెలుసు. నువ్విచ్చిన కానుక కవరు మరీ పల్చగా ఉందిలే."

రంగులమ్మ నవ్వబోయి ఏడ్చేసింది. నిచ్చెన వాచిన కాళ్ళతోనే పక్కకి జరిగి, ఆమెకి ఆనుకుని కూర్చుంది. తర్వాత రంగులమ్మ బట్టలు మడిచి, రెండు చేతులతో నిచ్చెన ఒళ్ళో పెట్టింది.

"ఇవి నీవి. నీకిచ్చేశాను. నీ తర్వాత నీ కూతురివి. ఇప్పుడు చెప్పు, నా కూతురికి అరువిస్తావా?"

"ఎన్నాళ్ళకి? ఈసారి తేల్చి చెప్పు."

"ఒక్క పూటకి."

నిచ్చెన మూట కట్టి అందించింది. "తెచ్చేటప్పుడు మడత మార్చి తీసుకురా," అంది.