చేళమ్మ హుండీలో వెండి తేలు

చీఫ్ వెంకటేశప్ప మనిషిని చావుకు పంపేటప్పుడు కూడా టీలోకి ఒక్క బిస్కెట్టే ఇస్తాడు.

"దాసప్పా, గోల్డ్ ఫీల్డ్స్‌లో ఒక షాఫ్ట్‌లో విదేశీ ముఠా బాంబు పెట్టింది. ఏ షాఫ్టో తెలీదు. దాన్ని పేల్చే వైర్‌లెస్ ట్రిగ్గర్ ఇవాళ కోలారులో చేతులు మారుతుంది. మధ్యాహ్నం షిఫ్ట్ మారేటప్పుడు గనిలోకి దింపే కేజ్ లిఫ్టు నిండా మనుషులుంటారు. అప్పుడే పేలుస్తారు."

"గనులు ఆపించండి సార్!"

"ఫైలు సంతకానికి పోయింది. సంతకం పెట్టే ఆయన కూతురి పెళ్ళిలో ఉన్నాడు."

"మా అన్న మునియప్పది పొద్దటి షిఫ్ట్, సార్."

"తెలుసు. అందుకే నిన్ను పంపుతున్నా. మనసు పెట్టి పనిచేస్తావని."

మారువేషం: ఊరు చూడ్డానికొచ్చిన దంపతులు. పెళ్ళాం పాత్రకు ఏజెంట్ గురువమ్మ. హాంకాంగ్‌లో ట్రైనింగు, నైలెక్స్ చీర, నల్ల కళ్ళద్దాలు, లిప్‌స్టిక్‌లో కెమెరా. బస్సు దిగగానే దాసప్పను ఎగాదిగా చూసింది.

"ఆ స్వెట్టర్ ఏంది? ఎండాకాలంలో?"

"టూరిస్టులు ఇట్లే ఉంటారు."

"నిజం మొగుడికంటే ఘోరంగా ఉన్నావు."

ట్రిగ్గర్ తెచ్చేవాడు చెప్పే కోడ్‌వర్డ్ "నీళ్ళొచ్చినాయా?" దాన్ని చీఫ్ బెంగళూరులో కూర్చుని పసిగట్టాడు. కుళాయి ఎప్పుడొస్తుందో తెలీని కోలారులో, మార్కెట్‌లో అడుగుపెట్టగానే పూలమ్మి అదే అడిగింది. ఉల్లిగడ్డల షావుకారి, సైకిల్ షాపువాడు, మిద్దె మీది ముసలాయన కూడా అదే అడిగారు. ఊరంతా గూఢచారులే. దాసప్ప అందరి వెంటా తిరిగి చివరికి అక్కర్లేని టమాటాలకు బేరమాడుతూ తేలాడు. అతను అటు తిరిగి ఉండగా గురువమ్మ వెండి అంగట్లో ఒక తేలుబొమ్మ కొనింది.

"ఎందుకది?"

"చేళమ్మకు మొక్కు. కోలారమ్మ గుడిలో తేళ్ళ దేవత. మరిచిపోయినావా?"

తర్వాత వెతికిన మ్యూజియంలోనూ ఏ ముఠా లేదు. ఒక కుటుంబం మాత్రం పాతకాలపు వీరగల్లు శిల నీడలో చిత్రాన్నం పొట్లం విప్పింది. వీరుడి మొహం దగ్గర ఊరగాయ పెట్టింది. "ఫ్యాన్ కింద జాగా ఉండాదా?" అని అడిగి, లేదనగానే చరిత్ర మీద ఆసక్తి పోగొట్టుకుంది. గురువమ్మ ఒక్క శిల్పాన్నీ చూడలేదు. మాటిమాటికీ వాచీ చూసుకుంది.

గుడిలో క్యూ చాంతాడంత ఉంది. ప్రతివాడూ ముందువాణ్ణి తోస్తూ, వెనకవాణ్ణి తిడుతున్నాడు. కోలారమ్మ చూపు నేరుగా తగలకూడదని అక్కడ అమ్మవారిని అద్దంలో చూడాలి. దాసప్ప అద్దంలోకి చూశాడు. అమ్మవారికంటే ముందు, తన వీపుకు పిస్తోలు ఆనించిన గురువమ్మ కనిపించింది. రెండో చేతిలో వెండి తేలు.

"కదలద్దు, డార్లింగ్. ట్రిగ్గర్ మార్కెట్‌లోనే చేతులు మారింది. ఈ కొండి నొక్కితే చాలు, కేజ్ పాతాళానికి పోతుంది. నాకు రెండు జీతాలు. రెండోదాంట్లో కోతలు లేవు."

క్యూ చేళమ్మ ముందుకొచ్చింది. అక్కడ హుండీ అంటే నేలలో తొలిచిన గుంత. ఎన్ని తరాలుగానో కానుకలు పడుతున్నాయి, అడుగు చూసినవాడు లేడు. గురువమ్మ మళ్ళీ వాచీ చూసింది. గోల్డ్ ఫీల్డ్స్‌లో ఈపాటికి మునియప్ప పైకి రావడానికి కేజ్ ఎక్కుతుంటాడు.

బాంబు అని అరిస్తే ఈ జనం నమ్మరు. క్యూలో ముందుకు దూరే ఎత్తు అనుకుంటారు. దాసప్ప గొంతు చించుకున్నాడు.

"చూడండమ్మా! నా పెండ్లాం మొక్కు తేలును హుండీలో ఎయ్యదంట! ఇంటికెత్తుకపోయి షోకేసులో పెట్టుకుంటాదంట!"

క్యూలో తలలన్నీ ఇటు తిరిగాయి. వెనకనున్న సొన్నమ్మ ముందుకొచ్చింది. లక్కూరు మనిషి, రోజూ ఆవులు పితికే చేతులు.

"ఏమ్మే! అమ్మ ముందరకి తెచ్చిన సొత్తు వాపసు తీసకపోతావా? రేపు మా పిల్లోళ్ళని తేలు కుడితే నువ్వొచ్చి మందేస్తావా?"

"ఇది మొక్కు కాదు! నా సొంతం!"

"నల్లద్దాలు పెట్టుకుంటే దేవుడు కూడా కనపడడేమో!" అన్నారెవరో.

"ఎయ్యి! ఎయ్యమంటాండాను గదా!" సొన్నమ్మ గద్దించింది.

గురువమ్మ బొటనవేలు కొండి మీదికి పోయింది. నొక్కేలోపే సొన్నమ్మ ఆ మణికట్టు పట్టి ఒక్క మెలిక తిప్పింది. తేలు గుంతలోకి జారింది. క్యూ తోపులాటలో పిస్తోలూ దాని వెనకే పోయింది.

"అది కూడా మొక్కేనా?" సొన్నమ్మ అడిగింది.

"కాదు!"

"ఇంగ అంతే. లోపల పడింది అమ్మది."

దాసప్ప పిలిపించిన పోలీసు జీపు రాగానే గురువమ్మ తనే పరుగెత్తి ఎక్కింది. బాంబు ఏ షాఫ్ట్‌లో ఉందో అడక్కుండానే చెప్పేసింది. జీపును త్వరగా కదిలించమని మాత్రం బతిమాలుకుంది. క్యూ ఇంకా తిడుతూనే ఉంది.

గోల్డ్ ఫీల్డ్స్‌కు ట్రంక్ కాల్ కలిసింది. లైన్లో మునియప్ప.

"యాడ సచ్చినావురా? కోలారుకొచ్చి ఇంటికి రాకుండా పోతావా? మీ వదిన చూడు, ఎట్లా తిడతాందో!"

దాసప్ప కళ్ళు తుడుచుకుని చీఫ్‌కు ఫోన్ చేశాడు.

"శభాష్. ట్రిగ్గర్ పంపించు. సాక్ష్యం."

"హుండీలో ఉంది సార్."

"బయటికి తీయించు!"

"సొన్నమ్మగారు ఇక్కడే ఉంది సార్. ఫోన్ ఇస్తాను, మీరే అడగండి."

అవతల చీఫ్ టీ కప్పు కింద పెట్టిన చప్పుడైంది.

"వద్దులే," అన్నాడు చీఫ్. "ప్రభుత్వం తరఫున మొక్కు తీర్చామని రాసుకుంటా."