మూడో రోజు సలాం

చక్కెర డబ్బా దొరకని ఇల్లు అసలు ఇల్లే కాదని మదార్ సాహెబ్ నమ్మకం. రెండు రోజులుగా చప్పటి చాయ్ తాగుతున్నాడు. ఇవాళ మూడోది. డబ్బా ఎక్కడుందో కూతురు గౌసియాకు తెలుసు. అడగాలంటే మాట్లాడాలి. మాట్లాడితే ఓడిపోయినట్టే. అందుకని చక్కెర తగ్గించమని డాక్టర్ చెప్పాడని తనకు తానే చెప్పుకున్నాడు. ఏ డాక్టరూ చెప్పలేదు.

ఆయన బస్సు కండక్టరు. బూర్గంపాడు రూట్లో పొద్దంతా "ముందుకు జరగండి" అని అరిచి ఇంటికొస్తే, జరగమని చెప్పడానికి మనుషులుండరు. భార్య పోయి ఆరేళ్లు. ఉన్న ఇద్దరూ మాటలు మానేస్తే ఇంట్లో ఫ్రిజ్జు ఒక్కటే చప్పుడు చేస్తుంది.

గొడవ వాలీబాల్‌తో వచ్చింది. భద్రాచలంలో ఫైనల్, అవతల మధిర అమ్మాయిలు. ఇంకొక్క పాయింట్ వస్తే కప్పు, గౌసియాకు జిల్లా జట్టులో చోటు. మధిర పిల్ల కొట్టిన బంతి, నెట్ దగ్గర ఎగిరిన గౌసియా వేళ్లకు రాసుకుని బయట పడింది. రెఫరీ అది చూడలేదు, "అవుట్" అన్నాడు. అంటే పాయింటూ కప్పూ గౌసియా జట్టువే. మదార్ అప్పటికే లేచి "మా బిడ్డే" అని పక్కవాళ్లకు చెప్తున్నాడు. గౌసియా చెయ్యెత్తింది. "టచ్ సార్. నాకు తగిలింది."

పాయింట్ అటు పోయింది. కాసేపటికి కప్పూ పోయింది. తిరుగు బస్సులో జట్టు పిల్లలెవరూ ఆమె పక్కన కూర్చోలేదు. తండ్రి కూడా ముందుకు జరిగాడు.

ఆట కూడా అల్లా నమ్మి అప్పజెప్పిన సొత్తు, అమానత్ అనీ, మోసంతో వచ్చిన పాయింట్ హరామ్ అనీ చిన్నప్పటి నుంచి ఆ పిల్లకు నూరిపోసింది మాత్రం ఆయనే.

ఇవాళ పొద్దున కూడా ఫోన్లో వచ్చిన మంచిమాటను, అలవాటు ప్రకారం చదవకుండానే అన్ని గ్రూపులకూ పంపాడు. పక్కగదిలో గౌసియా ఫోన్ టింగుమంది. అప్పుడు చదివాడు. ముసల్మాను తనవాళ్లతో మూడు రోజులకు మించి మాట మానకూడదట. ముందు సలాం చెప్పినవారే మేలైనవారట. డిలీట్ చేద్దామనుకునేలోపు నీలం టిక్కులొచ్చాయి.

పక్కింటి సీతారావమ్మ గోడ మీంచి తొంగిచూసింది. తండ్రీకూతుళ్ల మధ్య కబుర్లు మోస్తున్నది ఆమే.

"ఏందన్నా, ఇంకా మాటల్లేవా?"

"ఆమెనడుగమ్మా. రెఫరీ చూళ్లే గదా, నీకెందుకు అని."

వంటింట్లోంచి గౌసియా అంది, "అత్తా, చూసేటోడు పైన ఉన్నడని ఎవరు చెప్పిన్రో అడుగు."

"చెప్పిన. చెప్పుడు వేరే, ఫైనల్ వేరే."

సీతారావమ్మ అటూ ఇటూ చూసింది. "ఇది నేను మొయ్యాల్నా, వినపడ్డదా?"

వినపడింది. కాసేపటికి వంటింట్లోంచి గౌసియా గొంతు సన్నగా వచ్చింది. "నాతోని ఇప్పుడు ఎవ్వరు ఆడుతలేరత్తా. మా అబ్బా అయినా నా దిక్కు ఉంటడనుకున్న."

మదార్ చప్పటి చాయ్ గటగటా తాగేసి డ్యూటీకి పోయాడు. ఆ రోజు ముగ్గురికి చిల్లర ఇవ్వడం మర్చిపోయి తిట్లు తిన్నాడు.

సాయంత్రం ఇంటికొస్తుంటే గ్రౌండులో గౌసియా ఒక్కతే కనిపించింది. నెట్ మీంచి బంతి కొడుతోంది. నెట్ కింద దూరి, అవతలికి పోయి తెచ్చుకుంటోంది. మళ్లీ కొడుతోంది. మళ్లీ దూరుతోంది. పొద్దు గూకితే మూడో రోజు అయిపోతుంది.

మదార్ ఖాకీ చొక్కాతోనే వెళ్లి అవతలి పక్క నిలబడ్డాడు. గౌసియా గట్టిగా కొట్టింది. ఆయన ఎగిరాడు. ఎగిరానని ఆయన అనుకున్నాడు. బంతి చిటికెన వేలికి రాసుకుని గీత దాటి పడింది.

"అవుట్," అనుకుంటూ గౌసియా బంతి కోసం నెట్ కింద దూరింది.

చూసినవాళ్లెవరూ లేరు. మదార్ చెయ్యెత్తాడు. ఎవరూ లేని గ్రౌండులోనే ఆ చెయ్యి ఇంత బరువుంటే, ఊరంతా చూస్తుండగా ఎత్తిన చెయ్యి ఎంత బరువుండేదో అప్పుడు తట్టింది.

"టచ్. నాకు తగిలింది. పాయింట్ నీదే బేటా." ఎత్తిన చెయ్యి దించకుండానే అన్నాడు, "అస్సలాము అలైకుం."

గౌసియా బంతిని తీసుకుని పొట్టకు హత్తుకుంది.

"వ అలైకుం అస్సలాం. చక్కెర డబ్బా బియ్యం డ్రమ్ముల దాచిన."

అంతలో పొద్దు గూకి మగ్రిబ్ అజాన్ మొదలైంది.

ఇప్పుడు రోజూ సాయంత్రం ఇద్దరూ ఆడుతున్నారు. కానీ వాలీబాల్‌కు అటు ఆరుగురు, ఇటు ఆరుగురు కావాలి. ఇక్కడున్నది ఒక పిల్ల, మోకాళ్ల నొప్పుల కండక్టరు ఒకడు. మదార్ జట్టు పిల్లల ఇళ్లకు వెళ్లి అడుగుతున్నాడు. కూర్చోబెట్టి చాయ్ ఇస్తున్నారు, చక్కెర దండిగా వేస్తున్నారు, పిల్లల్ని మాత్రం పంపడం లేదు. వాళ్లను మళ్లీ గ్రౌండుకు ఎట్లా తేవాలో మీలో ఎవరికైనా తోస్తే, మీకు పుణ్యముంటుంది, కాస్త చెప్పండి. నెట్‌కు రెండు పక్కలా చాలా ఖాళీ ఉంది.