ఆఖరి ముద్ద బరువు

మధ్యాహ్నం పన్నెండున్నరయ్యేసరికి కాకినాడ జగన్నాథపురంలో ఆ వీధి వీధంతా టింగు టింగుమంటుంది. ప్రతి వంటింట్లోనూ మితత్రాసు కంచం బరువు చూసి, సరిపోయిందని చెప్పే చప్పుడది. ఆ రోజు మోక్షిత ఇంట్లో త్రాసు మాత్రం టింగుమనకుండా బుయ్యిమని ఏడుస్తోంది.

"ముప్పై గ్రాములు ఎక్కువైందండి మామ్మగారూ. తీసెయ్యండి," అంది అచ్చాయమ్మ.

అచ్చాయమ్మ ఆరోగ్య మండలంలో పనిచేసే పిల్ల. కొత్తగా త్రాసు పెట్టిన ఇళ్ళకు వెళ్ళి తూకం నేర్పడం ఆమె ఉద్యోగం. మోక్షితలూ జస్వంత్‌లూ ముసలివాళ్ళయిపోయి, పుట్టినవాళ్ళకి మళ్ళీ అచ్చాయమ్మ, వీర్రాజు అని పేర్లు పెట్టుకుంటున్న రోజులు కదా మరి.

"కంచంలో పెట్టిన అన్నం తీసెయ్యడమేంటమ్మా, చోద్యం కాకపోతే! పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ చేత్తోనే వడ్డిస్తున్నాను. ఈయనకెంత కావాలో ఈ గరిటెకి తెలుసు."

"ఆ గరిటే కదండీ తాతగారి షుగర్ని ఇంతదాకా తెచ్చింది!"

పక్కగదిలోంచి ఆమె మొగుడు జస్వంత్ గట్టిగా నవ్వాడు. "బాగా పెట్టావమ్మాయ్ గడ్డి! ఇన్నాళ్ళకి మా ఇంట్లో ఆవిడకి ఎదురు చెప్పే మనిషొచ్చింది."

మోక్షిత మూతి ముడుచుకుంది గానీ, గరిటెతో కాస్త అన్నం తీసేసింది. ఆమెకీ భయం ఉంది. జస్వంత్ వాళ్ళ నాన్నకి షుగరు ముదిరి కాలు తీసేశారు. ఆ పుండుకి రోజూ కట్టు కట్టింది కోడలుగా తనే. ఆ వాసన ఇప్పటికీ ముక్కుల్లో ఉంది. మొగుడికి ఆ గతి పట్టకూడదని తనే మండలానికి వెళ్ళి త్రాసు పెట్టించుకుంది.

"ఇలా చూడండి," అంటూ అచ్చాయమ్మ మళ్ళీ మొదటినుంచి చెప్పింది. "ముందు ఖాళీ కంచం పెట్టాలి. సున్నా నొక్కాలి. ఆ తర్వాతే అన్నం. మీ ఇద్దరి మణికట్టుకీ కట్టిన నాడిపూస తెల్లారుజామున ఒక్కసారి నెత్తురు చదువుతుందండి. దాన్ని బట్టి ఆ రోజు కొలత త్రాసుకి తెలుస్తుంది. తాతగారి జబ్బకున్న మందుపట్టీకి మందెంతో కూడా నాడిపూసే చెబుతుంది. తూకం సరిపోగానే అన్నం గిన్నె మూత దానంతటదే పడిపోద్ది. తిన్నాక కంచం మళ్ళీ త్రాసు మీద పెట్టెయ్యండి, అంతా తిన్నారో లేదో చూసి అదే చెబుతుందండి. అంతే, ఆయ్!"

ఉన్న మాట చెప్పుకోవాలి, అది మంచి యంత్రమే. అది వచ్చాక ఆ వీధిలో కాలు పోగొట్టుకున్నవాళ్ళు లేరు.

మోక్షిత నేర్చుకుంది. నేర్చుకోవడమంటే అలా ఇలా కాదు. కొన్నాళ్ళకి అంకెల వంక చూడకుండానే గరిటె వాల్చేది, త్రాసు టింగుమనేది. పక్కింటివాళ్ళు కొత్తకోడళ్ళని ఆమె దగ్గరికే పంపేవారు. ఒక్క గ్రాము కూడా తప్పనివ్వకూడదని ఆమె పంతం.

కానీ జస్వంత్‌కి ఆ అన్నం ఏ మూలకీ చాలేది కాదు.

"ఏమే, ఇది అన్నమా, కంచానికి పెట్టిన బొట్టా?" అని నవ్వేవాడు. ఆకలిగా ఉందని మాత్రం ఎప్పుడూ అనలేదు. తినేశాక కంచం అంచునంటిన పప్పుని వేలితో తుడుచుకుని నాకేవాడు. అది చూసి మోక్షిత తన కంచం వంక చూసుకునేది.

ఒకరోజు ఆమె తన కంచంలో గోంగూర పచ్చడి కలుపుకుని తింటోంది. ఆఖరి ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. చిన్నప్పుడు అమ్మ అందరు పిల్లలకీ చెప్పినట్టే తనకీ చెప్పింది, ఆఖరి ముద్దలోనే బలమంతా ఉంటుందని.

"చెయ్యి పట్టండి," అంది.

జస్వంత్ చిన్నపిల్లాడిలా అరచెయ్యి చాపాడు. ఆమె ముద్ద పెట్టింది. అతని కళ్ళు మూసుకుపోయాయి.

ఇందులో తప్పుందని ఆమెకి తోచలేదు. అతని కొలత అతనికి అణా పైసలతో సహా పెట్టింది. ఇది తన కంచంలోది, తనకిచ్చిన కొలతలోది. అయినా మొగుడికి ముద్ద పెట్టానని మండలానికెళ్ళి ఎవరైనా చెప్పుకుంటారా? ఇద్దరి కంచాలూ ఖాళీ అయ్యాయి. త్రాసు రెండుసార్లు టింగుమంది.

అక్కడినుంచి అదే అలవాటైపోయింది. నాడిపూసకి అతని షుగరు ఎక్కువగా కనిపించింది. త్రాసు అతని కొలత తగ్గించింది, పట్టీ మందు పెంచింది. అతనికి ఆకలి ఎక్కువైంది. ఆమె ఇంకో ముద్ద పెట్టింది. ఆమె చిక్కిపోతోందని చూసి త్రాసు ఆమె కొలత పెంచింది. పెంచిందంతా ముద్దలై అతని చేతిలోకే వెళ్ళింది. మందు మళ్ళీ పెరిగింది.

ఇంతలో సామర్లకోటలో మోక్షిత చెల్లెలి మనవరాలికి అన్నప్రాశన వచ్చింది. వెళ్ళకపోతే చెల్లెలు ఊరుకోదు. పొద్దున్నే అతని అన్నం తూచి, కంచం మీద మూత పెట్టింది.

"వేళకి తినెయ్యండి. సాయంత్రానికి వచ్చేస్తా."

"మరి నా ముద్దెవరు పెడతారే?"

"ఒక్క పూటకేమీ అయిపోరు లెండి!"

అక్కడ పసిదాని నోట్లో ఆమె తన చేత్తో పరమాన్నం పెట్టే వేళకి ఇక్కడ అతను భోజనానికి కూర్చుని ఉంటాడు. సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి కంచం కడిగి బోర్లించి ఉంది. భోజనం అయిందని త్రాసు మీద పచ్చదీపం వెలుగుతోంది. జస్వంత్ పడక్కుర్చీలో నిద్రపోయినట్టే ఉన్నాడు. పిలిచింది, కుదిపింది. ఒళ్ళు చల్లగా ఉంది.

కర్మకాండలయ్యాక అచ్చాయమ్మ వచ్చింది. నెమ్మదిగా అడిగింది.

"మామ్మగారూ, తాతగారు ఒక్క పూట కూడా కొలత తప్పలేదండి. అయినా షుగరు పెరుగుతూనే ఉంది. మందూ పెరుగుతూనే ఉంది. ఆ రోజు మాత్రం షుగరు ఒక్కసారిగా పడిపోయిందని డాక్టర్లు తేల్చారు. మండలంలో ఎవరికీ అంతుపట్టట్లేదు."

"ఆ రోజు నేను లేనమ్మా. ముద్ద పెట్టలేదు."

"ఏ ముద్దండి?"

మోక్షిత చెప్పింది. వింటూ వింటూ అచ్చాయమ్మ ముఖం పాలిపోయింది. "ఏం లేదులెండి, యంత్రందే పొరపాటు," అని లేవబోయింది.

"కూర్చో. నా దగ్గర అబద్ధాలాడకు. నా మీదొట్టు."

అచ్చాయమ్మకి ఏడుపొచ్చేసింది. "మీ ముద్దల వల్ల పెరిగిన షుగరుకి కూడా కలిపి మందిచ్చిందండి అది. ఆ ముద్దలున్నాయని దానికి తెలీదు కదండీ. ఆ పూట ముద్దల్లేవు, మందు మాత్రం ఉంది."

మోక్షిత చూపు వంటింట్లో త్రాసు మీదకి పోయింది.

"అయితే నేను పెట్టి చంపుకున్నానా, పెట్టక చంపుకున్నానా?"

ఆ పిల్ల ఆమెని పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

అచ్చాయమ్మ వెళ్ళాక వీధి టింగు టింగుమంది. మోక్షిత కూడా లేచి ఖాళీ కంచం పెట్టింది, సున్నా నొక్కింది, తన అన్నం తూచుకుంది. పచ్చడి కలుపుకుని తింది. తింటూ తింటూ, అలవాటు చొప్పున ఆఖరి ముద్ద చేతిలో ఉంచేసుకుంది. రెండో చేత్తో కంచం త్రాసు మీద పెట్టింది.

"భోజనం పూర్తయింది," అంది త్రాసు.

ఆమె గుప్పిట విప్పింది. ముద్ద అలాగే ఉంది. దాన్ని ఇన్నాళ్ళూ ఒక్కసారైనా తూచలేదు. మెల్లగా కంచంలో పెట్టింది. నలభై గ్రాములు చూపించింది త్రాసు.

"ఇంకా అన్నం మిగిలి ఉంది. దయచేసి తినండి."

"అది నాది కాదే, ఆయనది," అంది మోక్షిత ఏడుస్తూ.

త్రాసు మళ్ళీ అదే మాట చెప్పింది.