గిన్నెకు చెప్పిన మాట

"ఓ కుక్కరూ! నిన్న పప్పు ఉడకకముందే కూసినవ్, ఇయ్యాల ఉడికినంక గూడ కూస్తలేవ్. నిన్ను పట్టించుకునేటోళ్ళు ఈ ఇంట్ల ఉన్నరో లేరో!"

షార్జాలో రోలా అనే పేటలోని ఆ ఇరుకు వంటింట్లో సమ్మవ్వ పొయ్యి వైపే చూస్తూ ఈ మాట అన్నది. వెనక నిలబడి టిఫిను డబ్బాలు సర్దుతున్న కోడలు మాలతి వచ్చి మంట తగ్గించింది. కుక్కరుకు చెప్పిన మాట తనకు చెప్పినదేనని ఆమెకు తెలుసు. పెళ్ళయిన నాటి నుంచీ అత్తగారు తనలో ఏ లోపం చూసినా దాన్ని చీపురుకో, చాటకో, వాకిట్లో తిరిగే కోడికో చెప్పుకునేది. గల్ఫ్ వచ్చాక కోడి లేకపోయింది గాని గిన్నెలకు కొదవ లేదు.

ఇందులో దురుద్దేశమేమీ లేదు. కూతురిని తిట్టి కోడలికి బుద్ధి చెప్పడం ఆ ఇంటి పద్ధతి. ఎదుటి మనిషిని మొహం మీద అనకుండా తప్పు దిద్దే మర్యాద. మాలతి కూడా ఆ మర్యాదను బాగానే ఒంటబట్టించుకుంది. అత్తగారు రక్తపోటు మాత్రలు మింగకుండా దిండు కింద దాస్తున్నదని తెలిసినప్పుడు, భర్త దేవేందర్ వైపు తిరిగి "కొందరికి మాత్రలంటే మెత్త కింద పెట్టుకునేటివి" అని ఊరుకుంది. ఇంట్లో ఈ పద్ధతి ఎవరికీ గాయం కాకుండా సాగిపోయింది. చిక్కల్లా దాన్ని ఆమె తనకు తెలియకుండానే పనిచోటికి మోసుకుపోవడంతో వచ్చింది.

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో హోటళ్ళ దుప్పట్లూ తువ్వాళ్ళూ ఉతికే ఒక లాండ్రీలో మాలతి పగటి షిఫ్టుకు ఇన్‌ఛార్జి. కరీంనగర్‌లో డిగ్రీ చదివి, ఇక్కడ ఇస్త్రీ బల్ల దగ్గర మొదలుపెట్టి, కరోనా తగ్గిన మరుసటి ఏడు ఆ కుర్చీ దాకా వచ్చింది. దేవేందర్ అక్క సుభాషిణి భర్త పోయి, కొడుకు పాలిటెక్నిక్ చదువు సగంలో ఉండగా దిక్కుతోచక నిలబడితే, అందరూ ముదీర్ అని పిలిచే మేనేజరు నయీమ్‌తో మాట్లాడి ఆమెను తెచ్చి తమ ఇంట్లోనే ఉంచుకుని తన షిఫ్టులోనే చేర్పించింది కూడా మాలతే. ఆరు నెలలు చూసి పని నచ్చితే ఉంచుకుంటామన్నారు. నచ్చకపోతే వీసా రద్దు, ఊరికి ప్రయాణం.

కొత్తగా చేరిన ప్రతివారినీ మాలతి ఒక పూటంతా వెంట తిప్పి, ఏ గుడ్డ ఏ మిషన్లోకి వెళుతుందో స్వయంగా చూపించేది. వదిన చేరిన రోజున మాత్రం ఆమెకు నోరు రాలేదు. ఇంటి ఆడబిడ్డను వెంటబెట్టుకుని ఇది ఇలా చెయ్యి, అది అలా చెయ్యి అనడమా? "మీకు తెల్వనిదేముంది వదినా" అని నవ్వి మిషన్ అప్పగించింది. తరువాత జరిగిన వాటన్నిటికీ మూలం ఆ ఒక్క మాటలోనే ఉంది.

హోటల్ భోజనశాలల్లో వాడే చేతిగుడ్డలు పచ్చ సంచుల్లో వస్తాయి. నూనె, మసాలా పట్టిన ఆ గుడ్డలను విడిగా ఉతకాలి. సుభాషిణి మిషన్ నుంచి వచ్చే తెల్ల తువ్వాళ్ళకు కొద్దిరోజులుగా కూర వాసన వేస్తున్నది. మాలతి దాన్ని పసిగట్టింది. కాని రోజూ పొద్దున పని మొదలయ్యే ముందు అందరినీ నిలబెట్టి చెప్పే మాటల్లో ఆమె చూపు వదిన మీదికి పోకుండా, పక్క మిషన్ దగ్గరి మంజుల మీద వాలేది.

ఆ రోజూ అంతే అయింది.

"మంజులా, పచ్చ సంచి గుడ్డలు తువ్వాళ్ళల్ల కలుపొద్దని ఎన్నిసార్లు చెప్పాలె?"

రాజోలు వైపు నుంచి వచ్చిన మంజుల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేనెప్పుడూ కలపలేదండక్కా. రోజూ నన్నే అంటారేంటండీ?"

మాలతి తరువాతి మిషన్ దగ్గరికి నడిచింది. టీ వేళ సుభాషిణి ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి ఓదార్చడం ఆమె చెవిన పడింది. "జర చూసుకోని చెయ్యి బిడ్డా. మా మరదలు ఊకె అనేది కాదు."

మధ్యాహ్నం నయీమ్ తన గదికి పిలిచాడు. బల్ల మీద తువ్వాళ్ళ మూట ఉంది.

"సూంఘో, మాలతీ. వాసన చూడు. తువ్వాలా, బిర్యానీ గిన్నె మూతా? హోటల్ వాళ్ళు మొత్తం లోడు తిప్పి పంపారు. ఇంకోసారి అయితే ఖలాస్ అన్నారు."

"నేను చూసుకుంట సార్."

"ఏం చూసుకుంటావ్? రోజూ నువ్వు ఆ మంజులకు చెప్పడం నేనూ వింటున్నాను. ఆమె వినదు. ఈ నెలతో ఆమె కాంట్రాక్టు అయిపోతుంది, మళ్ళీ రాయను. ఠీక్ హై?"

మంజుల కాదంటే మరి ఎవరు అని అడుగుతాడు. "రేపు పొద్దుగాల చెప్త సార్" అని మాత్రం అనగలిగింది.

కంపెనీ బస్సులో సుభాషిణి ఎప్పటిలాగే నారింజ ఒలిచి సగం మాలతి చేతిలో పెట్టింది. ఆ తొనలు నోట్లో పెట్టుకోవడానికి కూడా మాలతికి మనసొప్పలేదు. నోరు తెరిస్తే ఈ మనిషి అన్నం పోవచ్చు. తెరవకపోతే ఏ పాపమూ ఎరుగని ఒక పిల్ల అన్నం తప్పక పోతుంది.

ఇంటికి చేరి, దేవేందర్‌తో కలిసి ముగ్గురూ చాప మీద కూర్చున్నాక, ఆమె అలవాటైన దారినే పట్టింది. దేవేందర్ వైపు తిరిగి అన్నది: "కొందరికి ఎంత చెప్పినా పచ్చ సంచి సంగతి తలకెక్కుత లేదు."

"మంజుల ముచ్చటేనా?" సుభాషిణి అందుకుంది. "పాపం చిన్నపిల్ల. నేను గూడ చెప్పిన, ఇంకోసారి చెప్త తియ్."

మాలతికి ఇక దారులన్నీ మూసుకుపోయాయి. ఆమె మొదటిసారిగా వదిన మొహంలోకి నేరుగా చూసింది.

"మంజుల కాదు వదినా. మీరే."

సుభాషిణి చేతిలోని చాయ్ కప్పు కింద పెట్టింది. "ఏమన్నవ్?"

"మసాలా వాసన మీ మిషన్ తువ్వాళ్ళకే వస్తున్నది. ఇయ్యాల హోటలోళ్ళు లోడంత వాపస్ పంపిన్రు. ముదీర్ మంజులను తీసేస్తనంటుండు."

"ఆ గుడ్డలు నేనే ఏసిన. కాదంటలేను. సగం మిషన్ ఖాళీగ తిరుగుతుంటే నీళ్ళు దండుగ కాదా? బోరింగు కాడ బిందె నీళ్ళకు కొట్లాడి పెరిగినదాన్ని, సూసుకుంట ఊకుంటనా? కంపెనీకి మేలు చేస్తున్ననుకున్న. వద్దని ఎవలన్న చెప్పిన్రా నాకు?"

"రోజు పొద్దుగాల చెప్పిన గదా వదినా..."

"మంజులకు చెప్పినవ్! నాకెప్పుడు చెప్పినవ్?"

"మీరు వింటరు గదా అని."

"ఇన్న. మంజుల తప్పు చేసిందని ఇన్న. దానికి బుద్ధి గూడ చెప్పొచ్చిన!" సుభాషిణి కప్పును పక్కకు నెట్టింది. "దొంగను ఇంట్ల కూసోపెట్టి పక్కింటోని మీద కేకలేసినట్టు చేసినవ్ గదనే. పెద్దదాన్నని మొక్కి, నన్ను గుడ్డిదాన్ని చేసినవ్. రేపే నయీమ్‌కు చెప్పి ఊరికి పోత. నా బతుకేదో నేను బతుకుత."

ఆమె లేచి మంచం కింది పెట్టె లాగింది. దేవేందర్ "అక్కా!" అంటూ లేవబోయాడు. మాలతి అతన్ని ఆపి, తానే వెళ్ళి పెట్టె మీద చెయ్యి వేసింది.

"తప్పు నాది వదినా. కొత్తోళ్ళందరినీ మిషన్ మిషన్ కాడికి తిప్పి చూపెట్టిన. మీకు చూపెట్టలే. చెప్తే మీరేమనుకుంటరోనని భయమయింది. ఆ భయానికే మర్యాదని పేరు పెట్టుకున్న. మీకు ఎదురుంగ చెప్పలేక, ఎదురు మాట్లాడలేని పిల్లను అన్న. ఇన్‌ఛార్జి చేసే పని కాదది."

వంటింటి గుమ్మంలో గరిటెతో నిలబడి వింటున్న సమ్మవ్వ ఇక ఊరుకోలేకపోయింది. ఆమె అలవాటు చొప్పున పొయ్యి వైపు తిరిగింది.

"ఓ గిన్నే! ఇంటి మనుషులు గిట్ల..."

అక్కడే ఆగిపోయింది. కూతురూ, కోడలూ, కొడుకూ ముగ్గురూ ఆమె వైపే చూస్తున్నారు. సమ్మవ్వ చేతిలోని గరిటెను ఒకసారి, గిన్నెను ఒకసారి చూసుకుంది. ఏదో తట్టినట్టు ఆమె మొహం చిన్నబోయింది.

ముందుగా సుభాషిణికే నవ్వొచ్చింది, కళ్ళ నీళ్ళతోనే. "అవ్వా, ఆ గిన్నెకు ఎరుకైతే ఏం లాభమే!"

"ఇన్నేండ్ల సంది అవ్వ గిన్నెలకు చెప్పింది, మాలతి నాకు చెప్పింది" అన్నాడు దేవేందర్. "నేను గూడ ఈ ఇంట్ల ఒక గిన్నెనే."

నవ్వు తగ్గాక సుభాషిణి పెట్టెను కాలితో లోపలికి నెట్టి, చాప మీద మళ్ళీ కూర్చుంది. "ఇప్పుడు చెప్పు. ఎందుకు కలుపొద్దు?"

మాలతి చెప్పింది. వేడినీళ్ళకు గుడ్డల నూనె విడిపోయి తువ్వాలకు పడుతుందనీ, వాటి జిడ్డు వదిలించే మందు వేరనీ, మిషన్ సగమే ఉంటే రెండో లోడు వచ్చేదాకా ఆపవచ్చుననీ చెప్పి, ఈసారి అంతటితో లేచిపోలేదు.

"మీకెట్ల సమజైందో ఒకసారి మీరు చెప్పుండ్రి వదినా."

సుభాషిణి అప్పజెప్పింది. మందు దగ్గర తడబడింది. మాలతి దిద్దింది. ఆకాశం విరిగి పడలేదు.

"గింతేనా?" అన్నది సుభాషిణి. "ఆపి నింపితే నీళ్ళు గూడ మిగులుతయ్. మొదటి దినమే చెప్పరాదా పిల్లా!"

మరునాడు పొద్దున అందరూ నిలబడి ఉండగా మాలతి మంజుల ఎదుటికి వెళ్ళింది.

"మంజులా, నీ తప్పేం లేదు. వేరేవాళ్ళకు చెప్పవలసిన మాట నీ మీద పెట్టి చెప్పిన. అందరి ముందర అన్న గనుక అందరి ముందరే చెప్తున్న. నన్ను క్షమించు."

"మిషన్ నాది బిడ్డా" అని సుభాషిణి పక్కకు వచ్చి నిలబడింది. "నీకు నేను బుద్ధి చెప్పుడేంది, నా బుద్ధి మండ!"

మంజుల ముక్కు ఎగబీల్చింది. "నిజంగా నేనే కలిపేస్తున్నానేమోనని నాకే అనుమానం వచ్చేసిందండక్కా. రోజూ సంచులు రెండేసిసార్లు తీసి చూసుకునేదాన్ని. ఇవాళ్టికి ఊపిరాడిందండి."

తరువాత మాలతి గదికి వెళ్ళి చెప్పినదంతా నయీమ్ విన్నాడు. మంజుల కాంట్రాక్టు కొనసాగింది. సుభాషిణిని మరికొంత కాలం చూశాకే ఖాయం చేస్తానన్నాడు. మాలతికి మాటల్లో గట్టి హెచ్చరికే దక్కింది: "ఒకరి తప్పు ఇంకొకరి మీద పెట్టి ముదీర్ దగ్గర దాచకూడదు, మాలతీ." ఆమె తల వంచి విన్నది. తన మొహం మీదే చెప్పాడు గనుక, అందులో తనకు చెందినదెంతో, కానిదెంతో తేల్చుకోవడానికి వెతుకులాట అక్కరలేకపోయింది. మందలింపు అంత తేలికగా ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

ఆ తరువాత హోటల్ నుంచి మూటలు తిరిగి రాలేదు. సుభాషిణి పని ఖాయమైన కబురు వచ్చిన మరునాటి పొద్దున, వంటింట్లో సమ్మవ్వ కుక్కరు వైపు చూసి నోరు తెరిచింది. మళ్ళీ మూసింది. కొంగు సర్దుకుని వెనక్కి తిరిగి, కోడలి మొహంలోకి చూసింది.

"మాలతీ."

మాలతి చేతిలోని డబ్బా మూత అలాగే ఆగిపోయింది.

"పప్పుల ఉప్పు జర ఎక్కువేస్తున్నవ్ బిడ్డా. నాకు పడ్తలేదు."

ఇన్నేళ్ళలో అత్తగారు తన పేరు పెట్టి చెప్పిన మొదటి తప్పు అది. మాలతి కళ్ళు చెమర్చాయి, పెదవుల మీద మాత్రం నవ్వు నిలిచింది.

"తగ్గిస్త అత్తమ్మా. మరి మీరు గూడ మాత్రలు మెత్త కింద పెట్టకుండ్రి. మింగుండ్రి."

సమ్మవ్వ కళ్ళు పెద్దవయ్యాయి. "గది నీకెట్ల ఎరుక?"

"మస్తు దినాల కిందనే దేవేందర్‌కు చెప్పిన గదా!"

"వానికి చెప్తే నాకెట్ల ఎరుకైతదే!" అంటూ సమ్మవ్వ నవ్వి, మాత్ర కోసం చెయ్యి చాచింది. వెనక కుక్కరు పెద్దగా కూసింది. దాన్ని ఎవరూ ఏమీ అనలేదు.